తేలిక గాలంతో వాలుగ వేట

తేలిక గాలంతో వాలుగ వేట అనగా సన్నని దారం, సులభంగా వంగే కర్ర, చిన్న చక్రం గల గాలంతో చెరువులు, నదులు, జలాశయాలలో వాలుగ చేపను పట్టే పద్ధతి. వాలుగ మీసాల చేపల వర్గానికి చెందిన పెద్ద మాంసాహారి. దీని శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. ఈ పద్ధతిలో వాడే దారం తెగే బలం చాలాసార్లు చేప బరువు కంటె తక్కువగా ఉంటుంది. కనుక చేపను బలప్రయోగంతో ఒడ్డుకు లాగడం సాధ్యం కాదు. చేప పరుగెత్తినప్పుడు దారం వదులుతూ, ఆగినప్పుడు చుట్టుకుంటూ, అది అలసిపోయే వరకు ఓపిక పట్టాలి.

దారం ఎంత సన్ననైతే ఈ పోరు అంత ఎక్కువసేపు సాగుతుంది. వాలుగ మొప్పలతో మాత్రమే శ్వాసించే చేప. వేడెక్కిన చెరువు నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది కాబట్టి దీర్ఘకాలం సాగిన పోరు దాని ప్రాణానికే ముప్పు తెస్తుంది. అందువలన దారం ఎంపిక వేటగాని నైపుణ్యానికి మాత్రమే సంబంధించినది కాదు. తిరిగి నీటిలో విడిచిన చేప బ్రతుకుతుందా లేదా అన్నది కూడా చాలావరకు దానిపైనే ఆధారపడి ఉంటుంది.

పేరు

"వల్లాగో" అనే ప్రజాతి నామం తెలుగు పదమైన "వాలుగ" నుండి వచ్చినది. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రసెల్ విశాఖపట్నం తీరంలో సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో ప్రచురించాడు. అందులో చేపలకు స్థానికులు వాడే పేర్లను కూడా ఇచ్చాడు. ఈ చేపను ఆయన "వల్లగూ" అని వ్రాసుకున్నాడు. అంతకు ముందే, 1801లో, బ్లాక్, ష్నైడర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు దీనికి సైలూరస్ అట్టు అని నామకరణం చేశారు. 1851లో డచ్చి శాస్త్రజ్ఞుడు పీటర్ బ్లీకర్ దీనిని ప్రత్యేక ప్రజాతిగా వేరుచేసి వల్లాగో అని పేరు పెట్టాడు. ఆ విధంగా ఒక తెలుగు చేప పేరు ప్రపంచ మత్స్యశాస్త్రంలో స్థిరపడినది. బ్రిటిష్ కాలపు ఆంగ్ల వేటగాళ్ళు దీని నోటిని, తిండిపోతుతనాన్ని చూసి "మంచినీటి సొర" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు.

ఈ వ్యాసంలో "గాలం" అనే మాటను కర్ర, చక్రం, దారం, కొక్కెం అన్నీ కలిసిన సామగ్రికి, "కొక్కెం" అనే మాటను చేప నోటికి తగులుకొనే ముల్లుకు మాత్రమే వాడడమైనది.

వాలుగ లక్షణాలు

వాలుగ శరీరం పొడవుగా, పక్కల నుండి అదిమినట్లు పలుచగా ఉంటుంది. పొలుసులు ఉండవు. నోరు చాలా పెద్దది. నోటి చీలిక కంటిని దాటి వెనుకకు వెళ్తుంది. దవడల మీద లోపలికి వంగిన సన్నని పళ్ళు పట్టీలుగా ఉంటాయి. ఒకసారి నోటపట్టిన చేప వెనుకకు జారిపోకుండా ఈ పళ్ళు ఆపుతాయి. రెండు జతల మీసాలు కలవు. పై దవడ మీసాలు బాగా పొడవు, కింది దవడ మీసాలు పొట్టి. వీపు మీది రెక్క చాలా చిన్నది, దానికి ముల్లు ఉండదు. పొట్ట కింద మొదలయ్యే రెక్క తోక దాకా పొడవుగా సాగుతుంది.

మత్స్యశాస్త్ర గ్రంథాలలో వాలుగ గరిష్ఠ పొడవు 2.4 మీటర్లుగా పేర్కొనబడినది. సాధారణంగా దొరికే చేపలు 75 సెంటీమీటర్ల వరకు ఉంటాయి. భారత ఉపఖండం నుండి ఆగ్నేయాసియా వరకు ఇది విస్తరించి ఉన్నది. తెలుగు రాష్ట్రాలలో గోదావరి, కృష్ణ నదులలోనూ, వాటి ఉపనదులలోనూ, కొల్లేరు సరస్సులోనూ, నాగార్జునసాగర్ వంటి జలాశయాలలోనూ ఉన్నట్లు నమోదైనది.

వాలుగ పగటిపూట ఒడ్డు కింది బొరియలలో, మునిగిన చెట్ల మొదళ్ళలో, లోతైన మడుగులలో దాగి ఉండి, చీకటి పడిన తరువాత ఆహారానికి బయలుదేరుతుంది. చిన్న చేపలు, రొయ్యలు, కప్పలు దీని ఆహారం. మీసాల చేపలన్నింటి వలెనే దీనికి కూడా మీసాల మీద రుచిని గ్రహించే మొగ్గలు, చర్మంలో స్వల్ప విద్యుత్తును పసిగట్టే అవయవాలు ఉంటాయి. గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల గొలుసు వలన నీటిలోని ధ్వనులను బాగా గ్రహిస్తాయి. చెరువు కట్టపై గట్టిగా అడుగులు వేసేవారికి వాలుగ చిక్కకపోవడానికి కారణం ఇదే.

పోలిక గల ఇతర చేపలు

మీసాలున్న చేపలన్నిటినీ ఒకే గాటన కట్టి "క్యాట్‌ఫిష్" అనడం నగరాలలో పరిపాటి అయినది. గాలం వేసే వ్యక్తికి వీటి భేదం తెలిసి ఉండటం అవసరం. ఎందుకంటే వీటి శ్వాస వేరు, ముళ్ళు వేరు, పట్టిన తరువాత చేయవలసిన పని కూడా వేరు.

వాలుగ: రెండు జతల మీసాలు, వీపుమీద చిన్న రెక్క, పెద్ద నోరు. మొప్పలతో మాత్రమే శ్వాసిస్తుంది.

జెల్ల: నాలుగు జతల మీసాలు. వీపు రెక్కకు, భుజపు రెక్కలకు బలమైన ముళ్ళుంటాయి. వీపుమీద తోక వైపున మెత్తని కొవ్వు రెక్క ఉంటుంది. పెద్ద నదులలోని జెల్ల జాతులు మీటరుకు మించి పెరుగుతాయి. ఇవి కూడా మొప్పలతోనే శ్వాసిస్తాయి.

మార్పు: నాలుగు జతల మీసాలు, వీపంతా సాగిన పొడవైన రెక్క. మొప్పలతో పాటు గాలి పీల్చే అదనపు అవయవం కలదు.

ఇంగిలాయి: వీపుమీద చిన్న రెక్క గల సన్నని చేప. భుజపు ముళ్ళలో విషం ఉంటుంది. ఇది కూడా గాలి పీల్చగలదు. పరిమాణంలో చిన్నది.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్: మార్పు వంటి ఆకారం, వెడల్పైన గట్టి తల, నాలుగు జతల మీసాలు, పొడవైన వీపు రెక్క. చాలా పెద్దగా పెరుగుతుంది. గాలి పీల్చగలదు. ఇది భారతదేశపు చేప కాదు.

మొదటి చూపులో వాలుగను గుర్తుపట్టడానికి రెండు విషయాలు చాలు. మీసాల జతలు రెండేనా అన్నది ఒకటి, వీపుమీది రెక్క చిన్నదా అన్నది రెండవది.

శ్వాస భేదం

నీటి బయట వేసినా మార్పు గంటల తరబడి బ్రతికి ఉండటం చేపల బజారుకు వెళ్ళిన ప్రతివారూ చూసేదే. దీనిని బట్టి మీసాల చేపలన్నీ మొండి ప్రాణులని ఒక అభిప్రాయం ఏర్పడినది. ఇది వాలుగ విషయంలో పొరపాటు.

భారతదేశంలోని గాలి పీల్చే చేపల మీద జరిగిన తొలి పరిశోధనలలో బి.కె.దాస్ కృషి ప్రసిద్ధమైనది. ఈ చేపల జీవన విధానాన్ని, వాటి గాలి పీల్చే అవయవాల అభివృద్ధిని వివరించే ఆయన వ్యాసం 1927లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఆయన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడుగా పనిచేశాడు. 1940లో భారత సైన్సు కాంగ్రెసు జంతుశాస్త్ర విభాగానికి అధ్యక్షత వహించినప్పుడు కూడా ఆయన ప్రసంగాంశం ఈ చేపల పరిణామమే.

బురదనీటిలో, ఎండిపోయే కుంటలలో ప్రాణవాయువు చాలనప్పుడు మార్పు, ఇంగిలాయి, కొరమీను వంటి చేపలు నీటి పైకి వచ్చి గాలి పీలుస్తాయి. వాలుగకు అటువంటి అవయవం లేదు. నీటిలో కరిగిన ప్రాణవాయువే దానికి ఆధారం. సముద్రమట్టం వద్ద 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ చేపకు అవసరమైన ప్రాణవాయువు మాత్రం పెరుగుతుంది. నాచు ఎక్కువగా ఉన్న చెరువులలో రాత్రంతా నాచు కూడా శ్వాసిస్తుంది కాబట్టి తెల్లవారుజామున ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది.

కొక్కేనికి చిక్కిన చేప శక్తికొలది పెనుగులాడినప్పుడు దాని కండరాలలో లాక్టిక్ ఆమ్లం చేరుతుంది. అది కరిగి చేప కోలుకోవాలంటే ప్రాణవాయువు కావాలి. వేసవి తెల్లవారుజామున అరగంట సేపు పోరాడిన వాలుగ ఈదుకుంటూ వెళ్ళిపోయినట్లు కనిపించినా తరువాత చనిపోయే అవకాశమున్నది.

చరిత్ర

దక్కను ప్రాంతంలో గాలం వేట వినోదంగా కూడా ఉండేదనడానికి 12వ శతాబ్ది నాటి ఆధారమున్నది. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథంలో మత్స్యవినోదం అనే భాగం కలదు. అందులో చేపల రకాలు, వాటికి వేయవలసిన మేత, కర్ర, దారం, కొక్కెం, చేపను లాగే విధానం వర్ణింపబడినవి. తెలంగాణలో చాలా భాగం ఆనాడు ఈ చాళుక్యుల ఏలుబడిలో ఉండేది.

బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రభుత్వ అధికారి హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో భారతదేశపు గాలం వేట గురించి ఒక గ్రంథాన్ని, 1887లో కేవలం చెరువులలో గాలం వేట గురించి మరొక గ్రంథాన్ని ప్రచురించాడు. నిజాం పాలన చివరి దశలో, 1940 దశకంలో, ఎస్.మహమూద్, ఎం.రహీముల్లా హైదరాబాదు రాజ్యంలోని చేపలను సర్వే చేసి ఆ ఫలితాలను బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసాలుగా ప్రకటించారు.

గ్రామాలలో వాలుగ వేటకు ఒకే పొడవాటి తాడుకు వరుసగా కొక్కేలు కట్టి, ఎర గుచ్చి, సాయంత్రం నీటిలో వదలి ఉదయం తీసే పద్ధతి ఉన్నది. ఇది జీవనోపాధికి సంబంధించిన వేట. ముదిరాజు, గంగపుత్ర, బెస్త కులాలవారు తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్నారు. తేలిక గాలం వేట ఇందుకు భిన్నమైనది. నైలాన్ 1935లో కనుగొనబడి, తరువాత సన్నని దారంగా అందుబాటులోకి రావడంతో ఇది సాధ్యమైనది. అంతకు ముందు పట్టు, నార, నూలు దారాలు వాడేవారు.

సరంజామా

1939లో ఏర్పడిన అంతర్జాతీయ క్రీడామత్స్య సంఘం దారాలను అవి తెగే బలాన్ని బట్టి 1, 2, 3, 4, 6, 8, 10, 15 కిలోలు మొదలైన తరగతులుగా విభజించినది. వాలుగ విషయంలో 4 నుండి 8 కిలోల దారాన్ని తేలికగా పరిగణించవచ్చు.

కర్ర: 2 నుండి 2.5 మీటర్ల పొడవు, కొన మెత్తగా, మొదలు గట్టిగా ఉండాలి. కర్ర వంపు ఒక స్ప్రింగు వలె పనిచేసి చేప ఇచ్చే కుదుపులను తనలో ఇముడ్చుకుంటుంది.

చక్రం: కనీసం 150 మీటర్ల దారం పట్టే చిన్న రీలు సరిపోతుంది. డ్రాగ్ అనే బిగింపు నునుపుగా జారేదిగా ఉండటం ముఖ్యం.

దారం: ఒంటిపోగు నైలాన్ దారం లాగితే కొంత సాగుతుంది. ఈ సాగుడు కుదుపులను తగ్గిస్తుంది. అల్లిక దారం అంత సాగదు, సన్నగా ఉండి ఎక్కువ బలాన్ని ఇస్తుంది, కాని రాళ్ళకు రాసుకుంటే త్వరగా తెగుతుంది.

ముందు దారం: కొక్కేనికి ముందు అర మీటరు పొడవున 15 నుండి 20 కిలోల మందపు నైలాన్ కట్టాలి. వాలుగ పళ్ళు సన్నని దారాన్ని ఆకురాయి వలె అరగదీస్తాయి. ఇది లేకుండా వాలుగకు తేలిక గాలం వేయడం వృథా.

కొక్కెం: కొన లోపలికి వంగిన గుండ్రని కొక్కెం మేలు. చేప ఎరను మింగినా, దారం బిగిసేసరికి ఇది సాధారణంగా జారి నోటి మూలలో తగులుకుంటుంది. మామూలు కొక్కెం కడుపులో గుచ్చుకునే ప్రమాదం ఎక్కువ.

సీసం: 20 నుండి 30 గ్రాముల సీసపు గుండు దారంపై స్వేచ్ఛగా జారేటట్లు అమర్చాలి. అలా అమర్చితే ఎరను పట్టిన చేపకు బరువు తెలియదు.

చేదవల: పెద్ద నోరు గల వల. దీని అవసరం తరువాతి భాగంలో వివరింపబడినది.

దారం లెక్క

నీటిలో ఉన్న చేప బరువు దాదాపు నీటిచే మోయబడుతుంది. 10 కిలోల వాలుగ నీటిలో దారంపై మోపే నిశ్చల భారం అతి స్వల్పం. దారం మీద పడేది చేప బరువు కాదు, దాని ఈత బలం మాత్రమే. కనుకనే 6 కిలోల దారంతో 10 కిలోల చేపను పట్టడం సాధ్యమవుతున్నది. అదే చేపను నీటి నుండి పైకి ఎత్తిన క్షణంలో 10 కిలోలూ దారంపై పడి అది తెగిపోతుంది. అందువలన తేలిక గాలానికి చిక్కిన చేపను దారంతో ఎత్తకూడదు, చేదవలతోనే అందుకోవాలి.

డ్రాగ్ బిగింపును దారం తెగే బలంలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు మధ్య ఉంచుతారు. 6 కిలోల దారానికి ఇది ఒకటిన్నర నుండి 2 కిలోలు అవుతుంది. వసంత త్రాసును దారం కొనకు కట్టి లాగితే ఈ లెక్క సరిచూసుకోవచ్చు. మిగిలిన బలాన్ని విడిచిపెట్టడానికి మూడు కారణాలు కలవు.

మొదటిది ముడి. ఎంత బాగా వేసినా ముడి వద్ద దారం బలం కొంత తగ్గుతుంది. ముడిని బిగించే ముందు నీటితో తడపకపోతే రాపిడి వేడికి నైలాన్ మరింత బలహీనమవుతుంది.

రెండవది కర్ర కోణం. కర్రను నిటారుగా ఎత్తినప్పుడు దారం కర్రకున్న ఉంగరాలపై ఎక్కువగా ఒరుసుకొని, చక్రం వద్ద ఉన్న బిగింపు కంటె ఎక్కువ లాగుడు దారం మీద పడుతుంది.

మూడవది చుట్ట వ్యాసం. చేప దూరంగా పరుగెత్తి చక్రం మీది దారం చుట్ట సన్నబడిన కొద్దీ, అదే బిగింపు వద్ద దారాన్ని లాగడానికి ఎక్కువ బలం కావలసి వస్తుంది. చుట్ట వ్యాసం సగమైతే లాగుడు రెట్టింపు అవుతుంది. 2 కిలోలకు సరిచేసిన బిగింపు ఆ స్థితిలో 4 కిలోలుగా పనిచేస్తుంది. చేప దూరంగా ఉన్నప్పుడు డ్రాగ్‌ను బిగించడం చాలామంది చేసే తప్పు. అప్పుడు చేయవలసినది కొద్దిగా వదులు చేయడం.

దారాన్ని మరీ సన్నగా ఎంచుకొనడం కూడా తప్పే. 2 కిలోల దారంతో అర కిలో లాగుడు మాత్రమే ఇవ్వగలము. ఆ లాగుడుతో పెద్ద వాలుగ అలసిపోవడానికి చాలాసేపు పడుతుంది. మధ్యలో దారం తెగితే కొక్కెంతో సహా చేప వెళ్ళిపోతుంది. చేపను విడిచిపెట్టదలచినవారు పోరును త్వరగా ముగించగల దారాన్నే వాడాలి.

కాలం, స్థలం, ఎర

సూర్యాస్తమయం నుండి మొదటి రెండు, మూడు గంటలు వాలుగ వేటకు అనుకూలం. తొలకరి వానలకు చెరువులోకి కొత్తనీరు వచ్చే వాగు మూతి, తూము ముందరి లోతు, అలుగు పారే చోట కింది మడుగు, మునిగిన తుమ్మచెట్లు మంచి స్థలాలు. తెలంగాణలో అలుగును మత్తడి అంటారు. మత్తడి దూకే నీటితో కొట్టుకువచ్చే చిన్న చేపల కోసం వాలుగలు అక్కడ కాపు వేస్తాయి.

చచ్చిన పరక చేప, రొయ్య, కోడి పేగు, కోడి కాలేయం ఎరగా పనికివస్తాయి. పిండి ముద్దలు బొచ్చె, రోహు చేపలకే గాని వాలుగకు పనికిరావు. ఒక చెరువు నుండి తెచ్చిన బ్రతికిన చేపను మరొక చెరువులో ఎరగా వాడరాదు. తప్పించుకున్న పరాయి జాతి చేపలు, వాటితోపాటు వ్యాధులు కొత్త నీటిలో ప్రవేశించడానికి ఇది ఒక మార్గం.

పోరు, విడుదల

వాలుగ ఎరను పట్టి కొంత దూరం మోసుకొనిపోతుంది. గుండ్రని కొక్కెం వాడినప్పుడు కర్రను గట్టిగా ఎగరేయకూడదు. దారం దానంతట అది బిగిసే వరకు ఆగి నెమ్మదిగా చుట్టాలి. మొదటి పరుగు బలమైనది. చేప ఏదైనా మొదలు కిందకో, బండల నడుమకో చేరడానికి ప్రయత్నిస్తుంది. కర్రను పక్కకు వాల్చి లాగితే చేప తల తిరిగి దారి మళ్ళుతుంది. నిటారుగా లాగడం కంటె పక్కకు లాగడం చేపను త్వరగా అలసిపోయేటట్లు చేస్తుంది. ఒడ్డు దగ్గర వెలుతురు చూసి మరొకసారి పరుగెత్తడం సాధారణం కాబట్టి చివరి క్షణంలో డ్రాగ్ మీద చేయి వేయరాదు.

చేపను విడిచిపెట్టదలచినప్పుడు పాటించవలసిన విషయాలు ఇవి. చేపను చేదవలలో నీటిలోనే ఉంచాలి. చేతులు తడి చేసుకొనే ముట్టుకోవాలి, ఎందుకంటే పొలుసులు లేని వాలుగ చర్మానికి జిగురు పొరే రక్షణ. నోటిలో చేయి పెట్టకుండా పట్టకారుతో కొక్కెం తీయాలి. కొక్కెం కడుపులోకి పోయి ఉంటే లాగక, దారాన్ని నోటి దగ్గర కత్తిరించాలి. పెద్ద చేపను దవడ పట్టుకొని నిలువుగా వేలాడదీయరాదు. ఛాయాచిత్రం కోసం నీటి బయట ఉంచే సమయం మనిషి ఊపిరి బిగపట్టగలిగినంత మించరాదు. చివరకు తల ముందుకు ఉండేటట్లు నీటిలో నిలబెట్టి, అది తానుగా తోక కొట్టి వెళ్ళే వరకు ఆధారంగా పట్టుకోవాలి.

హైదరాబాదు పరిసరాలు

1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన మహా వరద తరువాత నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మింపబడినవి. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోనూ, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయినవి. మూసీ నది వీటిని దాటి పాత నగరం మధ్యగా, కాచిగూడకు దక్షిణంగా ప్రవహించి, అంబర్‌పేట, నాగోలు మీదుగా తూర్పుకు సాగి, నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 16వ శతాబ్దిలో నిర్మించిన హుస్సేన్ సాగర్ మిగులు నీటి కాలువ నల్లకుంట, గోల్నాకల మీదుగా వచ్చి మూసీలో కలుస్తుంది. అనగా కాచిగూడకు, తార్నాక వైపున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి నడుమగా పోయే ఈ కాలువ ఒకనాడు చెరువును నదితో కలిపిన నీటిదారి.

నగరంలో ఈ నీటిదారి మురుగునీటితో నిండిపోయినది. ప్రాణవాయువు కొరవడిన అటువంటి నీటిలో మొప్పలతో శ్వాసించే వాలుగ బ్రతకలేదు. గాలి పీల్చగల ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వంటివి బ్రతుకుతాయి. కనుక నగరపు మురికి చెరువులలో, కాలువలలో పెద్ద మీసాల చేప దొరికినదంటే అది వాలుగ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. వ్యర్థజలాలు కలిసే నీటిలోని చేపలను తినడం ఆరోగ్యానికి మంచిది కాదు.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్ 1990 దశకంలో అనుమతి లేకుండా బంగ్లాదేశ్ మీదుగా భారతదేశంలో ప్రవేశించినది. స్థానిక చేపలను తినివేస్తుందన్న కారణంగా 2000లో కేంద్ర ప్రభుత్వం దీని పెంపకాన్ని నిషేధించినది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా దీని పెంపకాన్ని అరికట్టవలసినదిగా ఆదేశించినది. అయినప్పటికీ దొంగచాటు పెంపకం ఆగలేదు. తెలంగాణలోనూ ఇటువంటి చెరువులను అధికారులు ధ్వంసం చేసిన సందర్భాలు ఉన్నాయి. గాలానికి చిక్కిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను తిరిగి నీటిలో వేయరాదు. వాలుగ విషయంలో మంచిదైన పని దీని విషయంలో చెరువుకు కీడు చేస్తుంది. చేపను గుర్తుపట్టడం నేర్చుకొనకుండా విడిచిపెట్టడం నేర్చుకొనడం వలన ప్రయోజనం లేదు.

నియమాలు, జాగ్రత్తలు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చాలా చెరువులలో చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటుంది. ఆ సంఘం అనుమతి లేకుండా వినోదానికైనా గాలం వేయడం వారి జీవనోపాధిలో చేయి పెట్టడమే. జలాశయాల విషయంలో మత్స్యశాఖను సంప్రదించాలి. అభయారణ్యాల పరిధిలోని జలాశయాలకు అటవీశాఖ నియమాలు వర్తిస్తాయి. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలను చంపడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారం నేరం.

వానాకాలపు సాయంత్రాలలో ఉరుములు వినిపిస్తే వేట ఆపివేయాలి. కార్బన్ పోగులతో చేసిన గాలపు కర్ర గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి, దానిని విద్యుత్తు తీగల కింద ఎత్తి పట్టుకొనడం కూడా ప్రాణాపాయం. తెగిన నైలాన్ దారాన్ని ఒడ్డున పారవేయరాదు. పక్షుల కాళ్ళకు చుట్టుకొని వాటిని చంపుతుంది.

సంరక్షణ

వాలుగ మాంసంలో చిన్న ముళ్ళు తక్కువ. పులుసుకు ఇది మంచి చేపగా పేరు పొందినది. బజారులో గిరాకీ ఉండటం, నదులపై ఆనకట్టలు, నీటి కాలుష్యం, గుడ్లు పెట్టే కాలంలో కూడా పట్టడం వలన దీని సంఖ్య తగ్గుతూ వచ్చినది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఎర్ర జాబితాలో మునుపు "ముప్పుకు చేరువైన" శ్రేణిలో ఉన్న ఈ చేప, తరువాతి అంచనాలో "ముప్పుకు లోనయ్యే" శ్రేణికి మారినది. ఇతర చేపలను తింటుంది కాబట్టి బొచ్చె, రోహు పెంచే చెరువులలో దీనిని కలుపు చేపగా భావించి తొలగిస్తారు. పెంపకందారుకు నష్టం కలిగించే ఆ స్వభావమే నదిలో, పెద్ద జలాశయంలో చిన్న చేపల సంఖ్యను అదుపులో ఉంచుతుంది.

జూన్ నుండి ఆగస్టు వరకు, వానలకు నీరు విస్తరించినప్పుడు, వాలుగలు లోతు విడిచి నీరు పారిన పల్లపు భూములకు చేరి గుడ్లు పెడతాయి. కొత్తనీటి వాగు మూతి వద్ద అవి సులభంగా చిక్కేది కూడా ఆ కాలంలోనే. గుడ్లతో పొట్ట ఉబ్బిన వాలుగను విడిచిపెట్టడం, ఆ మూడు నెలలు దానికి గాలం వేయకుండా ఉండటం ఈ వేటను ఇష్టపడేవారు తమంతట తాము పాటించదగిన నియమాలు.

ఇవి కూడా చూడండి

చేప
గాలం
కొరమీను
మూసీ నది
హిమాయత్ సాగర్
కొల్లేరు సరస్సు
ఉస్మానియా విశ్వవిద్యాలయం